అమెరికాలో స్టూడెంట్ అఫైర్స్ చదువు, ఉద్యోగం: నా అనుభవం

ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరర్‌కి పాఠాలతో పాటు హాస్టల్ డ్యూటీ కూడా తగిలిస్తుంటారు. నాకూ అదే జరిగింది. పగలు ఈసీఈ పాఠాలు, రాత్రి అమ్మాయిల హాస్టల్లో డిప్యూటీ వార్డెన్ పని. హాజరు 75 శాతానికి తగ్గితే కండోనేషన్ ఫీజు, 65కి తగ్గితే డిటెన్షన్, అంటే పరీక్ష రాయనివ్వరు. ఆ లిస్టు నోటీసు బోర్డెక్కిన సాయంత్రం నా గది ముందు అమ్మాయిలు నిలబడేవాళ్లు. ఒకమ్మాయికి టైఫాయిడ్ వచ్చి తగ్గి ఉంటుంది, ఇంకొకరింట్లో పెళ్లి సంబంధాల గొడవ, మరొకమ్మాయికి తను క్లాసుకి ఎందుకు వెళ్లలేకపోతోందో చెప్పుకోవడమే రాదు. వాళ్ల మాట వినేదాన్ని. విన్నాక ఏం చేయాలి, ఎవరి దగ్గరికి పంపాలి అంటే కాలేజీలో జవాబు లేదు. ప్రిన్సిపాల్ గారు మంచివారే. "నువ్వే చూసుకో అమ్మా" అనేవారు.

ఈ పనికి ఓ చదువు ఉందన్న సంగతి నాకు వేరే దారిలో తెలిసింది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద, వీసా మోసం ఆరోపణలతో, ఇమిగ్రేషన్ అధికారుల దాడులు జరిగాయి. మన పిల్లల కాళ్లకి రేడియో కాలర్లు తగిలించారని తెలుగు టీవీల్లో రోజూ చూపించారు. అది చూసి నేను తట్టుకోలేకపోయాను. వీసాకి కావాల్సిన ఐ-20 పత్రం ఇచ్చిన కాలేజీ అసలుదో కాదో ఈ పిల్లలకి ఎవరు చెప్పాలి? వీసా స్టేటస్ పోతే ఎవరి తలుపు తట్టాలి? ఈ ప్రశ్నలు నన్ను వదల్లేదు. వెతుకుతూ పోతే, అక్కడి పేరున్న ప్రతి యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు, కౌన్సెలింగ్ సెంటర్, వైకల్యం ఉన్నవాళ్లకి సాయపడే ఆఫీసు, డీన్ ఆఫ్ స్టూడెంట్స్ ఆఫీసు విడివిడిగా ఉంటాయని తెలిసింది. వాటిలో పనిచేసే చాలామంది హయ్యర్ ఎడ్యుకేషన్ అండ్ స్టూడెంట్ అఫైర్స్ అనే మాస్టర్స్ చదివి వస్తారని కూడా తెలిసింది.

నాన్నకి కోర్సు పేరు చెబితే "ఇది కొత్తగా పెట్టారా అమ్మా?" అన్నారు. వందేళ్ల వృత్తి నాన్నా అన్నాను. అమెరికన్ కాలేజీల డీన్లు 1919లో విస్కాన్సిన్‌లో కూడి మొదలుపెట్టిన సంఘమే ఇవాళ్టి నాస్పా. ఏసీపీఏ అనే ఇంకో సంఘం 1924 నుంచి ఉంది. విద్యార్థిని మార్కుల వరకే కాకుండా ఆరోగ్యం, డబ్బు, స్నేహాలు, రేపటి ఉద్యోగం అన్నీ కలిపి మొత్తం మనిషిగా చూడాలని అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ 1937లో ఒక పత్రమే వేసింది. నాన్న రెండో ప్రశ్న ఇంకా సూటిగా వచ్చింది. "కంప్యూటర్స్ చేస్తే తొందరగా అప్పు తీరుతుందంటున్నారు. ఈ చదువుకి చేసిన అప్పు ఎట్లా తీరుస్తాం?"

దానికి నా జవాబు అసిస్టెంట్‌షిప్. ఈ రంగంలో మాస్టర్స్ అంటే చదువెంతో పని కూడా అంతే. వారానికి 20 గంటలు క్యాంపస్‌లోనే ఏదో ఒక ఆఫీసులో పనిచేస్తాం. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో ఉన్న పరిమితి కూడా 20 గంటలే. నాకు వచ్చింది హాస్టల్ భవనంలో ఉండి చేసే పని. ట్యూషన్ మాఫీ, ఉండడానికి చిన్న అపార్ట్‌మెంట్, మెస్, నెలనెలా స్టైపెండ్. ఆరోగ్య బీమా, రకరకాల స్టూడెంట్ ఫీజులు మాత్రం చేతి డబ్బే.

అప్లికేషన్‌లో ఎస్ఓపీ (ఈ చదువు ఎందుకో చెప్పే వ్యాసం), రెజ్యూమే, సిఫారసు లేఖలు. ఈ కోర్సుకి చాలాచోట్ల జీఆర్‌ఈ అడగరు. నా ఎస్ఓపీ నిండా ఆ డిటెన్షన్ లిస్టు గురించే రాశాను. కన్సల్టెన్సీలో ఒకాయన చదివి "ఇందులో మీ గొప్పేముందండీ" అన్నారు, నేను మార్చలేదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇంటర్వ్యూలు. మనకి అర్ధరాత్రి, వాళ్లకి మధ్యాహ్నం. "నీ అంతస్తులో ఒకమ్మాయి వారం నుంచి సరిగ్గా తినడం లేదని ఆమె రూమ్మేట్ వచ్చి చెప్పింది. ఏం చేస్తావు?" లాంటి ప్రశ్నలే ఎక్కువ. హాస్టల్లో గడిపిన ఆ రాత్రులన్నీ అప్పుడు పనికొచ్చాయి.

బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉన్న అప్పటి కాన్సులేట్‌లో ఆఫీసర్ ఒక్కటే అడిగింది, ఈసీఈ నుంచి ఇటెందుకు అని. ఉన్నది చెప్పాను. వీసా ఇచ్చింది.

ఆగస్టులో క్లాసులకంటే ముందు ట్రైనింగ్ మొదలైంది. అందులో ఒక సాయంత్రం గురించి వివరంగా చెప్పాలి. ఇంకా విద్యార్థులు దిగని ఒక అంతస్తులో, ఒక్కో గదిలో పాత ఆర్ఏలు, అంటే ఆ అంతస్తుల బాగోగులు చూసే సీనియర్ విద్యార్థులు, ఒక్కో సమస్యని నటిస్తారు. కొత్తవాళ్లం తలుపు తట్టి, లోపలికెళ్లి మాట్లాడాలి. వెనక కౌన్సెలింగ్ సెంటర్ ఆవిడ నిలబడి గమనిస్తుంటుంది. నాకు పడిన గదిలో ఒకమ్మాయి తన వస్తువులు సర్ది, ఒక్కోదాని మీద ఒక్కో స్నేహితురాలి పేరు రాసి పెడుతోంది. ఇలాంటప్పుడు "చనిపోవాలని అనుకుంటున్నావా?" అని సూటిగా అడగాలని మాకు ముందే నేర్పారు. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, లోపల అణచుకున్నది చెప్పుకోవడానికి వీలు దొరుకుతుంది. మన ఇళ్లలో అలాంటి మాట నోట రానివ్వరు, తథాస్తు దేవతలుంటారంటారు. ముప్ఫై ఏళ్లకి దగ్గరపడుతున్న నేను ఆ వాక్యాన్ని మొదటిసారి పైకి అన్నది ఆ గదిలోనే. అది నటనే అయినా అడిగేటప్పుడు గొంతు వణికింది. అడిగాక ఏం చేయాలన్నది కూడా వరసగా నేర్పారు: ఒంటరిగా వదలకూడదు, డ్యూటీలో ఉన్న పెద్దవాళ్లకి ఆ క్షణమే ఫోన్ చేయాలి, కౌన్సెలర్ నంబరు చేతిలో పెట్టి వచ్చేయకుండా తోడుగా అక్కడిదాకా వెళ్లాలి. మంచి మనసు ఉన్నవాళ్లు మన కాలేజీల్లో ఎంతోమంది. ఈ వరస నేర్పినవాళ్లు లేరు. నేను అంత దూరం వెళ్లి తెచ్చుకున్న చదువులో సగం ఇదే అని ఇప్పటికీ అనుకుంటాను.

ఇంకో పాఠం, రహస్యం గురించి. విద్యార్థి ఏడుస్తూ "ఎవరికీ చెప్పనంటే ఒకటి చెప్తాను" అంటే మన నోటికి మొదట వచ్చేది "చెప్పనులే అమ్మా". లైంగిక వేధింపు సంగతి మాకు తెలిస్తే అలాంటి ఫిర్యాదులు చూసే టైటిల్ నైన్ ఆఫీసుకి తెలియజేయాలన్నది మా యూనివర్సిటీ నియమం. కాబట్టి ఆ అమ్మాయి నోరు తెరవకముందే, నేను ఏది దాచలేనో, ఏదీ బయటికి పోకుండా వినగలిగేవాళ్లు ఎవరో చెప్పాలి. చెప్పాలా వద్దా అన్నది అప్పుడు ఆమె ఇష్టం.

కొన్ని వివరాలు మార్చి ఒక సంగతి రాస్తాను. ఒక రాత్రి డ్యూటీ ఫోన్‌కి ఇండియా నంబరు నుంచి కాల్ వచ్చింది. అవతలి మనిషి ఇంగ్లీషులో తడబడుతుంటే నేను తెలుగులోకి మారాను. "తెలుగామెవా బిడ్డా!" అన్నారాయన. కరీంనగర్ దగ్గర ఊరట. "మా పోరడు మూడు దినాల సంది ఫోన్ ఎత్తుతలేడు. కాలేజీకి పోతున్నడా లేదా, గంత చెప్పు చాలు." ఆ వివరం నేను చెప్పకూడదు. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరాక చదువు రికార్డు మీద హక్కు విద్యార్థిదే. ఫీజు కట్టే తండ్రి అడిగినా మామూలుగా కొడుకు రాసిచ్చిన అనుమతి కావాలి. "మార్కులు, హాజరు చెప్పడానికి చట్టం ఒప్పుకోదు అంకుల్. బాబు ఎలా ఉన్నాడో చూడ్డానికి మాత్రం ఇప్పుడే వెళ్తాను. మీకు ఫోన్ చేయమని నేనే చెప్తాను" అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "జర జల్ది పో బిడ్డా" అన్నారు.

అబ్బాయి గదిలోనే ఉన్నాడు. మిడ్‌టర్మ్ పోయింది, నిద్ర పట్టడం లేదు, ఇంటికి ఏ మొహంతో ఫోన్ చేయాలని కూర్చున్నాడు. కింద లాబీలో నేను దూరంగా కూర్చుంటే, అతను తండ్రితో మాట్లాడాడు. మర్నాడు పొద్దున్నే ఒక కోర్సు డ్రాప్ చేద్దామని అనుకుంటున్నాడు. ఆ ఒక్క మీట నొక్కితే చాలు, ఎఫ్-1 స్టేటస్‌కి ముప్పు. ఫుల్‌టైమ్ లోడు కంటే తగ్గాలంటే డీఎస్ఓ (కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా రికార్డులు చూసే అధికారి) అనుమతి ముందే తీసుకోవాలి, డ్రాప్ చేశాక అడిగితే పనికిరాదు. అనారోగ్యం కారణమైతే లైసెన్సున్న డాక్టరు గానీ క్లినికల్ సైకాలజిస్టు గానీ ఇచ్చిన లేఖ ఉండాలి, ఒక డిగ్రీ స్థాయిలో అలాంటి వెసులుబాటు మొత్తం కలిపి 12 నెలలు మించకూడదు. పొద్దున అతనితో పాటు హెల్త్ సెంటర్‌కి, అక్కడి నుంచి అంతర్జాతీయ ఆఫీసుకి వెళ్లాను. ఆ వారమే క్లాసులో, జీవితంలో వచ్చే మార్పుల గురించి ష్లాస్‌బర్గ్ అనే ప్రొఫెసర్ చెప్పిన సిద్ధాంతం చదువుతున్నాం. మనిషి ఒక మార్పులో చిక్కుకున్నప్పుడు అతని పరిస్థితి, అతని స్వభావం, చుట్టూ ఉన్న అండ, అతనికి తెలిసిన ఉపాయాలు నాలుగూ చూడమంటుందావిడ. ఈ అబ్బాయికి కొరత పడింది అండ దగ్గరే. తర్వాత ఏం చేయాలన్నది అక్కడి నుంచే తేలింది.

రెండో ఏడు ప్రాక్టికమ్ (కోర్సులో భాగంగా ఒక ఆఫీసులో చేసే పని) నేను కోరుకున్న అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులోనే దొరికింది. అక్కడే ఒక పెద్ద గోడ కూడా కనిపించింది. సెవిస్ అనే ప్రభుత్వ డేటాబేస్‌లో విదేశీ విద్యార్థుల రికార్డులు చూసే డీఎస్ఓ అమెరికన్ పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయి ఉండాలి, అది ఫెడరల్ నిబంధన. వీసా మీద ఉన్నవాళ్లం ఆ ఆఫీసులో కార్యక్రమాలు నడపొచ్చు, ఓరియెంటేషన్ చేయొచ్చు, ఐ-20 మీద సంతకం పెట్టలేం. ఏ పని కోసమని బయల్దేరానో ఆ పనికే నాకు అర్హత లేదని తెలిసి చాలా బాధపడ్డాను. ఈ కోర్సు వైపు చూసే మనవాళ్లందరికీ ఇది ముందే తెలియాలి.

డబ్బు లెక్కల్లోనూ ఇలాంటి మెలికే ఉంది. ఈ డిగ్రీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) జాబితాలో లేదు కాబట్టి ఓపీటీ, అంటే చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసుకునే అనుమతి, 12 నెలలే, కంప్యూటర్స్ వాళ్లకి దొరికే అదనపు 24 నెలలు రావు. అందులో నిరుద్యోగం 90 రోజులు దాటకూడదు. మరోవైపు, 2000లో వచ్చిన చట్టం యూనివర్సిటీలని హెచ్-1బి ఉద్యోగ వీసాల కోటా నుంచి మినహాయించింది. లాటరీ లేదు, ఏ నెలలోనైనా పిటిషన్ వేయొచ్చు. ఐటీలో ఉన్న నా స్నేహితులు ఏటా లాటరీ కోసం దేవుళ్లకి మొక్కుకుంటుంటే, నా బెంగ వేరే: స్పాన్సర్ చేసే ఆఫీసు దొరకాలి. హాస్టల్ డైరెక్టర్ ఉద్యోగాలకి చాలా యూనివర్సిటీలు చేయవు. అడ్వైజింగ్, పరిశోధన, డేటా సంబంధమైన పోస్టులకి కొన్ని చేస్తాయి. పైగా యూనివర్సిటీ హెచ్-1బి మీద నుంచి ప్రైవేటు కంపెనీకి మారాలంటే అప్పుడు లాటరీ తప్పదు.

చివరికి నాకు దారి చూపించింది పాత ఈసీఈ డిగ్రీనే. ఒక స్టేట్ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో అకడమిక్ అడ్వైజర్ పోస్టు. క్యాంపస్ ఇంటర్వ్యూ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నడిచింది: కమిటీ ప్రశ్నలు, విద్యార్థులతో భోజనం, అసోసియేట్ డీన్‌తో మాట్లాడడం, మధ్యలో అందరి ముందూ ప్రెజెంటేషన్. జీపీఏ 2.0 కంటే తగ్గి ప్రొబేషన్‌లో పడ్డ మొదటి ఏడాది విద్యార్థులకి ఏం చేస్తారన్నది అంశం. సర్క్యూట్స్‌లో ఫెయిలైనవాడికి అసలు చిక్కు సర్క్యూట్స్‌లో కాకుండా దానికి ముందరి కాల్క్యులస్‌లో ఎలా ఉంటుందో బోర్డు మీద వేసి చూపించాను. పాఠం చెప్పినదాన్ని కాబట్టి అది నాకు తెలుసు. ఆ ఉద్యోగం వచ్చింది, స్పాన్సర్‌షిప్ కూడా.

ఇప్పుడు ఉద్యోగం చేస్తూనే పార్ట్‌టైమ్‌గా ఈడీడీ (ఎడ్యుకేషన్‌లో డాక్టరేట్) చేస్తున్నాను. ఉద్యోగులకిచ్చే ట్యూషన్ రాయితీ మీదే చదువు. ఈ వృత్తిలో కోఆర్డినేటర్, అసిస్టెంట్ డైరెక్టర్, డైరెక్టర్ దాకా మాస్టర్స్‌తో వెళ్లొచ్చు. ఆపైన డీన్ ఆఫ్ స్టూడెంట్స్, వైస్ ప్రెసిడెంట్ పోస్టులకి ఎక్కువచోట్ల డాక్టరేట్ అడుగుతారు. నాయకత్వం అంటే ఉపన్యాసాలనుకునేదాన్ని, ఇందులో నాకు బాగా పనికొచ్చింది బడ్జెట్ పేపరు. కౌన్సెలర్ల సంఖ్య పెంచాలంటే ఆ జీతం రాష్ట్ర నిధుల్లోంచి వస్తుందా, స్టూడెంట్ ఫీజులోంచా అన్నది తెలియకుండా ఏ మీటింగ్‌లోనూ నోరు తెరవలేం. హాస్టళ్లు, మెస్సులు తమ ఆదాయంతోనే నడవాలి కాబట్టి వాటి లెక్క పూర్తిగా వేరు. జీతం సాఫ్ట్‌వేర్‌తో పోల్చేది కాదు. రాత్రి ఫోన్లు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. అయినా ఈ పని నాకు ప్రాణం.

మీలో ఎవరైనా ఈ దారిలో రావాలనుకుంటే, ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా అడగండి: మీ దగ్గర చదివిన అంతర్జాతీయ విద్యార్థులు ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారు, వాళ్లకి ఎవరు స్పాన్సర్ చేశారు? అసిస్టెంట్‌షిప్ రెండో ఏడు కూడా ఖాయమేనా? ట్యూషన్ పోగా నా చేతి నుంచి ఎంత పడుతుంది, వేసవి నెలల్లో ఇల్లూ భోజనం ఉంటాయా? ఆర్థిక సాయం ఆఫర్‌కి ఏప్రిల్ 15 దాకా గడువు ఇవ్వాలన్న ఒప్పందంలో చాలా యూనివర్సిటీలు ఉన్నాయి, మీరు అప్లై చేసినది ఉందో లేదో చూసుకోండి. ఏ జవాబు ఇచ్చినా దాన్ని మెయిల్‌లో రాయించుకోండి.