రంగు పోయిన నీళ్లు

మే నెల ఎండలో, తిరుపతిలోని మా ప్రయోగశాల మేడ మీద రెండు బీకర్లు పక్కపక్కన పెట్టాను. రెండింటిలోనూ లీటరుకు 10 మిల్లీగ్రాముల చొప్పున మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు కరిగించిన నీళ్లున్నాయి. ఒకదానిలో నేను తయారుచేసిన జింక్ ఆక్సైడ్ నానోపొడి వేసి, ముందు అరగంట చీకటిలో కలియబెట్టి, ఆ తర్వాతే ఎండకు తెచ్చాను. రెండోదానిలో పొడి వేయలేదు. మధ్యాహ్నానికి మొదటి బీకరు తేటపడింది. అది చూసి సంతోషిస్తూ పక్కకు తిరిగితే, ఏ పొడీ వేయని బీకరులో కూడా నీలం కొంత వెలిసిపోయి ఉంది. ఈ టపా ఆ రెండో బీకరు గురించి.

పొడి మీద కాంతి పడేలా చేసి నీటిలోని రంగును విడగొట్టే ఈ పద్ధతిని కాంతి ఉత్ప్రేరణ అంటారు. దాని మూలం సులభంగానే అర్థమవుతుంది. టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ వంటి అర్ధవాహకాల మీద తగినంత శక్తి ఉన్న కాంతి పడినప్పుడు ఒక ఎలక్ట్రాన్ తన చోటు విడిచి పైకి లేస్తుంది, దాని వెనుక ఒక ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ నీటితో కలిసి హైడ్రాక్సిల్ రాడికల్‌ను, ఎలక్ట్రాన్ ఆక్సిజన్‌తో కలిసి సూపరాక్సైడ్‌ను పుట్టిస్తాయి; రంగు అణువును ముక్కలు చేసేవి చాలా చురుకైన ఈ కణాలే. 1972లో జపానుకు చెందిన ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్ మీద కాంతి పడేలా చేసి నీటిని విడగొట్టవచ్చని ప్రకటించిన తర్వాత ఈ రంగానికి ఊపు వచ్చింది. రేణువు నానో పరిమాణంలో ఉంటే ఉపరితల వైశాల్యం పెరగడమే కాకుండా, ఎలక్ట్రానూ ఖాళీ మళ్లీ ఒకదానితో ఒకటి కలిసిపోయేలోపే ఉపరితలానికి చేరే అవకాశం కూడా పెరుగుతుంది. అయితే అనటేజ్ అనే స్ఫటిక రూపంలోని టైటానియం డయాక్సైడ్‌కు 3.2 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి; అంటే 388 నానోమీటర్లకు లోపలి అతినీలలోహిత కాంతి కావాలి. సూర్యకాంతిలో అతినీలలోహిత భాగం సుమారు 5 శాతమే.

అందుకే కనిపించే కాంతితోనే పనిచేసే పదార్థాల కోసం అంత వెతుకులాట జరుగుతోంది, పొరపాట్లు కూడా అక్కడే ఎక్కువగా దొర్లుతున్నాయి. మిథిలీన్ బ్లూ తానే 664 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది, ఆ శక్తితో ఎలక్ట్రాన్‌ను పొడికి అందించి తానే చెడిపోగలదు. అప్పుడు పొడి చేసిన పని ఎంత, రంగు తనంతట తాను పాడైనది ఎంత అన్నది వేరుచేయడం కష్టం. రంగు పొడికి అతుక్కుపోయినా నీళ్లు తేటగానే కనిపిస్తాయి. చీకటిలో అరగంట ఆగేది ఆ అతుకుడు ఒక కొలిక్కి రావడానికే. గాలి అందని చోట మిథిలీన్ బ్లూ ఎలక్ట్రాన్లు తీసుకుని రంగులేని రూపంలోకి మారుతుంది, గాలి తగలగానే మళ్లీ నీలమవుతుంది. ఒక్క తరంగదైర్ఘ్యం దగ్గర నీళ్లు ఎంత కాంతి పీలుస్తున్నాయో కొలిచి "ఇంత శాతం విచ్ఛిన్నమైంది" అని రాయడం నాకు ఇప్పుడు సరికాదనిపిస్తోంది. నేనూ మొదటి ఏడాది అలాగే రాశాను.

మా మేనమామ నగరిలో మరమగ్గాలు నడుపుతారు. తెలిసినవారి అద్దకం యూనిట్ నుంచి ఒక క్యాను నిండా మురుగునీరు తెప్పించి ఇచ్చారు. దానిలో అదే పొడి వేసి సాయంత్రం దాకా ఎండలో ఉంచినా చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. కారణాలు ఒక్కొక్కటిగా తేలాయి. నీళ్లు అంత చిక్కటి రంగులో ఉంటే కాంతి లోపలికి దిగదు. నూలుకు రియాక్టివ్ రంగు (దారంతో రసాయనికంగా బంధం కలిపే రకం) పట్టడానికి ఉప్పు, సోడా విరివిగా వేస్తారు. ఆ సోడాలోని కార్బొనేట్ హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను రంగు దాకా వెళ్లనివ్వకుండా మింగేస్తుంది. పైగా అంత క్షారంలో జింక్ ఆక్సైడ్ ఉపరితలం రుణావేశం పొందుతుంది, రియాక్టివ్ రంగు అణువులదీ రుణావేశమే కాబట్టి రెండూ దగ్గరకు రావు. పదింతలు మంచినీళ్లు కలిపి, అదే పొడితో మళ్లీ ఎండలో ఉంచితే రంగు పోయింది. ఆ బీకరు చూసి మామయ్య, "నీళ్లు తేటగా అయిపోయినాయి గదమ్మా, ఇంకేం కావల్ల?" అని అడిగారు.

న్యాయమైన ప్రశ్నే. అజో రంగుల్లో రెండు నైట్రోజన్ల మధ్య బంధం తెగితే చాలు, రంగు మాయమవుతుంది. బెంజీన్ వలయాలు మాత్రం నీటిలో అలాగే మిగిలిపోవచ్చు, వాటిలో కొన్ని మనిషికి హాని చేసేవే. అందుకని ఇప్పుడు రంగుతో పాటు రసాయన ఆక్సిజన్ అవసరాన్ని, అంటే నీటిలో మిగిలిన సేంద్రియ పదార్థాన్ని ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో, కూడా ముందూ తర్వాతా కొలుస్తున్నాను. ఉప్పు ఎక్కువుంటే ఆ పరీక్ష కూడా తప్పుడు లెక్క ఇస్తుంది కాబట్టి మెర్క్యురిక్ సల్ఫేట్ కలపవలసి వస్తుంది. రంగు దాదాపు పూర్తిగా పోయిన నమూనాలో ఈ విలువ అంతగా తగ్గకపోవడం చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. పొడిని తిరిగి వడకట్టడం మరో చిక్కు: అంత సన్నని రేణువులు మామూలు వడపోతకు దొరకవు, నదిలోకి పోతే అవే కొత్త కాలుష్యమవుతాయి. గాజు పలకకు పూతగా అంటిస్తే కొట్టుకుపోవు గానీ, నీటికి తగిలే ఉపరితలం తగ్గి పని నెమ్మదిస్తుంది. నేను ఆ నెమ్మదినే ఎంచుకున్నాను.

ఈ మధ్య మామయ్య మాటల్లో ఒక సంగతి తెలిసింది. అద్దిన నూలు చిలపలను వరుసగా నాలుగైదు సార్లు జాడించి, అన్ని నీళ్లనూ ఒకే తొట్టిలోకి వదులుతారట. చివరి జాడింపుల్లో రంగూ తక్కువే, ఉప్పూ సోడా తక్కువే. కాంతి ఉత్ప్రేరకానికి అనువైన నీళ్లు అవే, వాటినే చిక్కటి తొలి నీళ్లలో కలిపేస్తున్నారు. వచ్చే నెల నగరి వెళ్లి మూడో జాడింపు నుంచి నీళ్లను విడివిడి క్యాన్లలో పట్టుకు వస్తాను. పొడి వేయని బీకరును ఈసారి కూడా పక్కనే పెడతాను.