నీళ్ళు చూడని బండి

"నీళ్ళు చూడని బండి మేడమ్, నా మాట నమ్మండి." ఈ ముక్క చెవిలోంచి పోవడం లేదు. పదకొండు దాటింది, ఆయన నిద్రపోయారు, చిన్నది నిద్రలో ఎక్కాలేవో పలవరిస్తోంది. రాసి పడేస్తేగానీ నాకు నిద్ర పట్టదు.

సెకండ్‌హ్యాండ్‌లో కారు కొందామని ఇవాళ చూసింది 2019 వ్యాగనార్. తెల్లది, ఏపీ 39 నంబరు. పైకి శుభ్రంగా ఉంది. ఎత్తుగా ఉంటుంది కాబట్టి అత్తయ్య మోకాళ్ళు వంచకుండా ఎక్కేయగలరు, ఆశ అంతా దానిమీదే. బండి అమ్మే బేరగాడు పాపం కుర్చీ వేసి, మజ్జిగ తెప్పించి మరీ మర్యాద చేశాడు. నేను అడిగింది ఒక్కటే. "2024 సెప్టెంబరులో ఈ బండి ఎక్కడుంది?"

విజయవాడ సింగ్ నగర్ వాళ్ళం ఇంకేం అడుగుతాం? బుడమేరు వాగుకు గండ్లు పడి నీళ్ళొచ్చిన ఆ ఆదివారం మా వీధిలో ఎన్ని కార్లు పైకప్పు దాకా మునిగాయో డాబా మీంచి చూసినవాళ్ళం. ఆ కార్లన్నీ తర్వాత ఎక్కడికో వెళ్ళాయి కదా. కొన్నిటికి ఇన్సూరెన్సు వాళ్ళు పూర్తి నష్టం కింద లెక్కకట్టి డబ్బిచ్చేసి, బండిని వేలానికి పెట్టేశారు. అవి మళ్ళీ మెరుస్తూ అమ్మకానికి వస్తాయని ఆటోనగర్ బాబాయ్ అప్పుడే చెప్పాడు.

"బందరు రోడ్డు వైపు ఉండేది మేడమ్, చుక్క తగల్లేదు" అన్నాడు బేరగాడు.

బాబాయ్ ఏమీ మాట్లాడలేదు. సీటు బెల్టు పట్టుకుని ఇంక రాదు అన్నంతవరకూ బయటికి లాగాడు. రోజూ వాడే భాగం తెల్లగా ఉంది. ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉండే చివరి మూరెడు మాత్రం గోధుమరంగు చారలతో ఉంది. సీటు కింద పట్టాల్లో వేలు పెట్టి తీస్తే తుప్పు, సన్నటి ఇసక. నేను ఈలోగా ఇన్సూరెన్సు కాగితం అడిగి తీసుకున్నాను. క్లెయిము లేకుండా గడిచే ఒక్కో ఏడాదికీ నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 20, 25, 35, 45 అలా పెరిగి 50 శాతానికి చేరుతుంది. అయిదేళ్ళు ఏ గొడవా లేని బండికి 50 ఉండాలి. 2024 నవంబరులో కట్టిన పాలసీలో సున్నా ఉంది.

ఇక్కడితో "అవునండీ, మునిగింది" అనుంటే నాకింత బాధ ఉండేది కాదు. మొదట అది డెంటింగుకు పెట్టుకున్న చిన్న క్లెయిము అన్నాడు. బెల్టు చూపిస్తే వాటర్ వాష్‌లో పడ్డ మరక అన్నాడు. ఇసక సంగతి అడిగితే నాకు జవాబు చెప్పడం మానేసి ఈయన వైపు తిరిగి, "సార్, మేడమ్‌గారికి అనుమానం కాస్త ఎక్కువ" అన్నాడు. ఈయనేమో మొహమాటంగా నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ మండుతోంది. కాగితం చదివింది నేను, మరక కళ్ళముందే ఉంది. అయినా అందులో అనుమానం నాదెలా అయింది?

చివరికి వెళ్తుంటే, "విజయవాడలో నీళ్ళు చూడని బండే కావాలంటే హైదరాబాదు పోయి కొనుక్కోండి" అన్నాడు. అంటే మొదటినుంచీ తెలుసన్నమాట. మునిగిన బండి ఊరికే ఇచ్చినా వద్దని దారంతా అంటూనే వచ్చాను.

ఇంటికొచ్చాక ఇంకో గొడవ. ఈయన టేపు తీసుకుని వాకిలి కొలవడం మొదలుపెట్టారు. వ్యాగనార్ ఏదైనా సరే ముందు భాగం వరండా దూలం కిందకి వస్తుందట, కాబట్టి పిచ్చుకల కోసం దూలానికి కట్టిన వరికుచ్చు తీసేయాలట. "రెట్ట పడి రెండ్రోజులు ఎండిందంటే పెయింటు పోతుంది" అన్నారు. ఆ మాట నిజమే. కానీ కుచ్చు తీసి వెనక దొడ్లో కడితే పిల్లులు తిరిగే చోటికి పిచ్చుకలు రావు. నేలమీద నూకలు చల్లితే రెండు నిమిషాల్లో పావురాలు ఊడ్చేస్తాయి. వేలాడే కంకిని పట్టుకుని నిలబడటం పావురానికి చేతకాదు, పిచ్చుకకు వచ్చు. అందుకే ఆ కుచ్చు. సంక్రాంతికి కట్టింది ఇంకా సగం ఉంది. పొద్దున్నే కింద రాలిన ఊక ఊడుస్తుంటే అత్తయ్య మొహంలో వెలుగు చూడాలి. వరద తీసి, బురద కడిగి, ఇంట్లో సామానంటూ ఏమీ మిగలని రోజుల్లో ఆవిడ అరుగు మీద కూర్చుని పిచ్చుకలకి గింజలు వేస్తూ గడిపారు. అది ఈయనకి తెలుసు. టేపు చుట్టి లోపల పెట్టేశారు.

మా తాతయ్య కుచ్చులు అల్లేవాడు. నూర్పుకు ముందే పొడుగు కంకులు ఏరి, కాడలు తడిపి, జడలా మూడు పాయలు వేసి బిగించేవాడు. ఒకసారి అలా అల్లుతుండగానే ఎద్దుని కొనడానికి మనుషులొచ్చారు. మధ్యవర్తి తువ్వాలు కప్పి వేళ్ళు పట్టుకుని ధర పలుకుతున్నాడు. వచ్చిన రైతు ఎద్దు పళ్ళు చూశాడు, సుడులు చూశాడు, తోక దగ్గర చెయ్యేసి నాలుగడుగులు నడిపించాడు. అంతా బాగుంది. అప్పుడు తాతయ్య చేతిలో కంకులు కిందపెట్టి, "దమ్ములో, బురదమడిలో దిగితే వెనక కాలు ఈడుస్తుంది, చూసుకో" అన్నాడు. మధ్యవర్తి తువ్వాలు దులిపి లేచిపోయాడు. నాయనమ్మ లోపల గిన్నెలు గట్టిగా పెట్టడం మాకందరికీ వినిపించింది. రైతు మాత్రం కాసేపు ఎద్దు వీపు నిమురుతూ నిలబడి, "మాది నూజివీడు వైపు మెట్ట. మాకు దమ్ములెక్కడివి?" అన్నాడు. ధర తగ్గించి తోలుకుపోయాడు. నాయనమ్మ ఆ తగ్గిన డబ్బు గురించి ఎన్నాళ్ళు సాధించిందో. తాతయ్య ఒక్కసారి కూడా బదులు చెప్పలేదు.

ఇది రాస్తుంటే వెనక వీధి మాస్టారి ఆల్టో గుర్తొస్తోంది. పోయిన వారం ఫోను చేసినప్పుడు ఆయన మొదటి మాటే, "అమ్మా, సీట్ల దాకా మునిగింది, ముందే చెప్తున్నా" అని. నీళ్ళు తీశాక ఒక్కసారి కూడా స్టార్టు చేయకుండా లాగించుకుని వెళ్ళారట. అది పెద్ద సంగతి, సిలిండర్లలో నీళ్ళుండగా తాళం తిప్పితే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. వైరింగు మార్పించిన బిల్లులన్నీ ఉన్నాయన్నారు. నేను మునిగింది అన్న మాట దగ్గరే ఆగిపోయి వద్దండీ అనేశాను. ఇప్పుడు ఆలోచిస్తే నాకు కోపం నీళ్ళమీద కాదు. ఆ నీళ్ళు మా ఇంట్లోకీ వచ్చాయి, మాస్టారింట్లోకీ వచ్చాయి. దాచడం మీద కోపం.

అలాగని కళ్ళు మూసుకుని కొనలేం. వైర్ల జాయింట్లలో పచ్చటి చిలుము రెండేళ్ళకైనా బయటపడుతుందని బాబాయ్ అంటాడు. ఈయనేమో చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది కదా, కిందామీదా పడి కొత్తదే తీసుకుందాం అంటున్నారు. ఈఎంఐ లెక్క వేసి చూపిస్తే మాత్రం ఆగుతున్నారు.

ఆదివారం బాబాయ్‌ని తీసుకుని మాస్టారి దగ్గరికి వెళ్దామని ఉంది. ఆల్టో ఎలాగూ వ్యాగనార్ కన్నా జానెడు పొట్టి, దూలానికి ఇవతలే ఆగుతుంది, కుచ్చు జోలికి పోనక్కర్లేదు. కాకపోతే సీటు బాగా కిందకి ఉంటుంది. అత్తయ్యని కూడా తీసుకెళ్ళి ఎక్కించి దింపి చూస్తేగానీ ఏ సంగతీ తేలదు.