పాత లారీ ఇంజిన్ బిగించిన తరువాత

ఫోర్డ్ మోడల్ ఏఏ లారీ ఇంజిన్‌ను విప్పి, తిరిగి బిగించే పని ఈ వారం ముగిసింది. నాలుగు సిలిండర్లు, దాదాపు 3.3 లీటర్ల ఘనపరిమాణం, 40 అశ్వశక్తి. కాగితం మీద ఇంతే. అసలు విషయమంతా ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్టు తిరిగే బేరింగులలో ఉంది. నేటి ఇంజిన్లలో అరిగిన షెల్లులను, అంటే బేరింగులోని విడి పొరలను, తీసి కొత్తవి వేస్తే సరిపోతుంది. ఇందులో మాత్రం బాబిట్ అనే మెత్తని మిశ్రమలోహాన్ని కరిగించి, పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్టుకు కలిపే కనెక్టింగ్ రాడ్డులోనే పోతపోసి ఉంటారు కాబట్టి, అరుగుదల కొద్దిగానే ఉన్నప్పుడు బేరింగు మూత (క్యాపు) కింద ఉన్న షిమ్‌లనే పలుచని రేకులను ఒక్కొక్కటిగా తీస్తూ, క్రాంక్‌షాఫ్టు ఎక్కడా పట్టేయకుండా, వదులుగానూ లేకుండా తిరిగేదాకా ఓపికగా సరిచూసుకోవాలి. పంపు నూనెను వాల్వుల గది దాకా చేరుస్తుంది. అక్కడి నుంచి ప్రధాన బేరింగులకు అది తన బరువుతోనే దిగుతుంది, రాడ్డులకు అడుగున చిమ్మే నూనే ఆధారం. ఈ అమరికలో బేరింగుకూ షాఫ్టుకూ మధ్య సందు ఎక్కువైతే చప్పుడు మొదలవుతుంది, మరీ తక్కువైతే బాబిట్ వేడెక్కి కరిగిపోతుంది. నా దృష్టిలో నైపుణ్యమంతా ఇక్కడే ఉంది. కార్బొరేటరును శుభ్రం చేయడం దీని ముందు కాలక్షేపమే. వాల్వుల సందు కొలిచేటప్పుడు మాత్రం అలవాటును నమ్మకూడదు: ఇప్పటి నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో సిలిండర్లలో ఇంధనం మండే క్రమంగా ఎక్కువగా కనిపించే 1-3-4-2 వరుస కాదు, దీనిది 1-2-4-3.