ఏప్రిల్‌లో మొదలైన చదువు: జర్మనీలో నా మొదటి సమ్మర్ సెమిస్టర్

జర్మనీకి చదువుకోడానికి వచ్చే మనవాళ్ళలో ఎక్కువమంది అక్టోబరులో మొదలయ్యే వింటర్ సెమిస్టర్‌కే వస్తారు. యూట్యూబ్ వీడియోలైనా, వాట్సాప్ గ్రూపులైనా, సీనియర్ల సలహాలైనా అన్నీ వాళ్ళ కోసమే ఉంటాయి. నేను 2025 సమ్మర్ సెమిస్టర్‌కి, డ్యూస్‌బర్గ్‌లో మెటలర్జీ మాస్టర్స్ చదవడానికి వచ్చాను. లెక్క ప్రకారం సెమిస్టర్ ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా. క్లాసులు మాత్రం ఏప్రిల్ 7 నుంచి జులై 18 వరకే. ఏప్రిల్‌లో చేరేవాళ్ళకి చెప్పేవాళ్ళు తక్కువ కాబట్టి ఆ మొదటి వారాలు ఎలా గడిచాయో రాస్తున్నాను.

మాది విశాఖ ఉక్కునగరం. నాన్న స్టీల్ ప్లాంటులో పనిచేస్తారు. మార్చి మూడో వారంలో అక్కడ ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు కారుతుంటే బయల్దేరాను. ఇక్కడ దిగేసరికి పొద్దున పూట నాలుగైదు డిగ్రీలు. సమ్మర్ సెమిస్టర్ అన్నారు కదా అని మందపాటి జాకెట్ ఇంట్లో వదిలేసి రాకండి. ఏప్రిల్ సగం దాటినా అది లేకుండా నేను బయటికి వెళ్ళలేదు.

అన్నిటికంటే టెన్షన్ పెట్టింది అడ్రస్. ఇక్కడ ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఆ ఊరి ఆఫీసులో పేరు నమోదు చేయించుకోవాలి. దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఊరికే వెళ్ళి చెప్తే సరిపోదు, ఇల్లు ఇచ్చినవాళ్ళు 'ఈయన మా ఇంట్లో ఉంటున్నారు' అని సంతకం పెట్టిన కాగితం కావాలి. నేను మొదట దిగింది డ్యూస్‌బర్గ్ పక్క ఊళ్ళో, ఒకతను తాత్కాలికంగా ఇచ్చిన గదిలో. ఆ కాగితం అడిగితే, ఓనరుకి తెలిస్తే గొడవవుతుంది, ఇవ్వనన్నాడు. ఇలాంటి గదులు మనవాళ్ళకి చాలానే తగులుతాయి. అద్దె తీసుకుంటారు, కాగితం మాత్రం ఇవ్వరు.

ఆ కాగితం లేకపోతే ఏమవుతుందో ఇక్కడికి వచ్చాకే పూర్తిగా అర్థమైంది. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వేసి వచ్చాం. నాన్న పీఎఫ్‌లోంచి తీసిన డబ్బు అది. అందులోంచి నెలకి 992 యూరోలు మన చేతికి రావాలంటే ఇక్కడి బ్యాంకులో మామూలు ఖాతా ఉండాలి. నేను ఎంచుకున్న బ్యాంకు ఆ ఖాతా తెరవడానికి నమోదు కాగితం అడిగింది. నమోదుకి ఇల్లు ఇచ్చినవాళ్ళ సంతకం కావాలి. మన డబ్బే అయినా మన చేతికి రాదు. ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న ఫారెక్స్ కార్డులో మిగిలింది చూసుకుంటూ బియ్యం, పప్పు, గుడ్లతో సరిపెట్టుకున్నాను.

ఇక్కడే ఏప్రిల్‌లో చేరడం కలిసొచ్చింది. స్టూడెంట్ హాస్టళ్ళలో చాలామంది ఒప్పందాలు మార్చి 31తో ముగుస్తాయి. వింటర్ సెమిస్టర్‌తో చదువు అయిపోయినవాళ్ళు ఖాళీ చేస్తారు. అక్టోబరులో నెలల తరబడి వెయిటింగ్ లిస్టులో ఉండే గదులు ఆ రోజుల్లో అక్కడక్కడా దొరుకుతాయి. మా డిపార్ట్‌మెంట్‌లోనే చదువుతున్న కరీంనగర్ అక్క ఒకామె ఈ సంగతి చెప్పింది. "మెయిల్ పెట్టి ఊకోకు తమ్మీ, పొద్దున్నే ఫోన్ చెయ్యి. ఎవరన్న క్యాన్సిల్ చేస్తే నీకే ఇస్తరు" అంది. అలాగే చేశాను. ఏప్రిల్ 1 నుంచి గది దొరికింది. తాళాలతో పాటు ఆ సంతకం కాగితం కూడా, అడగకుండానే, చేతిలో పెట్టారు. ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి చెప్తుంటే గొంతు పూడుకుపోయింది.

అంతకు రెండు రోజుల ముందు ఉగాది. మార్చి 30, ఆదివారం. ఆదివారం ఇక్కడ సూపర్ మార్కెట్లు మూసేస్తారని తెలుసు కాబట్టి శనివారమే తమిళవాళ్ళ కొట్టుకి వెళ్ళి పచ్చిమామిడికాయ, చింతపండు, బెల్లం తెచ్చుకున్నాం. వేపపువ్వు అక్క దగ్గర ఉంది. కిందటేడు ఇంటికి వెళ్ళినప్పుడు ఎండబెట్టి తెచ్చుకుందట. సరిగ్గా ఆ ఆదివారం తెల్లవారుజామునే ఇక్కడ గడియారాలు గంట ముందుకి జరిగాయి. మనకీ ఇక్కడికీ ఉన్న నాలుగున్నర గంటల తేడా మూడున్నరకి దిగింది. పచ్చడి నోట్లో పెట్టుకుని వీడియో కాల్ చేస్తే, ఇంట్లో అప్పటికే భోజనాలకి కూర్చున్నారు. ఆ ఒక్క గంట ఎంత దగ్గర చేసిందో ఇక్కడున్నవాళ్ళకే తెలుస్తుంది. క్లాసు అయిపోయి గదికి వచ్చే వేళకి అమ్మ ఇంకా మెలకువగానే ఉంటోంది.

నమోదు ఆఫీసుకి ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. మొదట చూసినప్పుడు దగ్గర్లో ఏ తేదీ లేదు. పొద్దున్నే మళ్ళీ మళ్ళీ చూస్తే ఎవరో రద్దు చేసుకున్నది ఒకటి దొరికింది. పాస్‌పోర్టు, ఇల్లు ఇచ్చినవాళ్ళ కాగితం, నింపిన ఫారం పట్టుకుని వెళ్ళాను. ఆ ఫారంలో మతం గురించి ఒక గడి ఉంటుంది. కాథలిక్, ప్రొటెస్టెంట్ చర్చిల సభ్యులకి జీతంలోంచి చర్చి పన్ను పోతుంది. ఆ అడగడం అందుకే, కంగారు పడాల్సిన పని లేదు. కౌంటర్‌లో ఉన్నావిడ నా ఇంటిపేరు ఒక్కో అక్షరం పలుకుతూ టైపు చేశారు. స్క్రీన్ నావైపు తిప్పి, పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో చూసుకోమన్నారు. తర్వాత ముద్ర వేసిన కాగితం చేతికిచ్చి "విల్‌కోమెన్", అంటే స్వాగతం, అన్నారు. దాని కోసం పడ్డ పాట్లకి, అక్కడ గడిపిన కాసేపటికి పొంతనే లేదు. బ్యాంకు ఖాతా ఆ వారమే తెరిచాను.

ఒక చిన్న పని చాలామంది పట్టించుకోరు: కింద పోస్టు డబ్బా మీద మీ పేరు అంటించండి. ఇక్కడ బ్యాంకు కార్డు, దాని పిన్, ఇన్సూరెన్స్ కార్డు, పదకొండు అంకెల పన్ను నంబరు చాలావరకు ఉత్తరాల్లోనే వస్తాయి. డబ్బా మీద పేరు లేకపోతే పోస్టుమాన్ వెనక్కి తీసుకెళ్ళిపోతారు. మన ఇంటిపేర్లు పొడుగు కదా అని పొట్టిపేరు రాయొద్దు. పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. నేను తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, పైన సెల్లోటేపు వేశాను. ఆ డబ్బాలోకి రేడియో, టీవీ రుసుము గురించిన ఉత్తరం కూడా వస్తుంది. నెలకి 18.36 యూరోలు, ఇంటికి ఒక్కటే. నలుగురు ఒకే ఫ్లాటులో ఉంటే ఒకరి పేరు మీద కట్టి పంచుకోవచ్చు. ఇన్సూరెన్స్ మాత్రం ఎవరిది వారిదే, నెలకి 140 యూరోల పైనే.

సెమిస్టర్ ఫీజు మూడు వందల పైచిలుకు యూరోలు. కట్టేటప్పుడు కష్టంగానే అనిపించింది. కానీ అందులోనే దేశమంతా తిరిగే టికెట్ ఉంది. ఐసీఈ లాంటి ఎక్స్‌ప్రెస్‌లు తప్ప లోకల్, రీజనల్ రైళ్ళు, ట్రాములు, బస్సులు అన్నీ ఎక్కొచ్చు. బయటివాళ్ళు 2025లో ఆ టికెట్‌కి నెలకి 58 యూరోలు కట్టేవాళ్ళు. ఏప్రిల్ 6, ఆదివారం శ్రీరామనవమి. క్లాసులు మొదలవడానికి ముందు రోజు. ఆ టికెట్ మీదే ఆర్‌ఈ1 రైలెక్కి ఎసెన్, డార్ట్‌మండ్ దాటి హమ్ అనే ఊరికి వెళ్ళాం. అక్కడ శ్రీలంక తమిళులు కట్టుకున్న కామాక్షి అమ్మవారి గుడి ఉంది, 2002లో తెరిచారు. మన గుళ్ళలాగే గోపురం, పసుపు కుంకుమల వాసన. సొంత ఊరు వదిలి రావాల్సొచ్చిన మనుషులు పరాయి నేల మీద అంత గుడి కట్టుకున్నారంటే నాకు వాళ్ళ మీద ఎంతో గౌరవం కలిగింది. గదికి వచ్చాక వడపప్పు, పానకం చేసుకున్నాం.

సోమవారం క్లాసులు. టైమ్‌టేబుల్‌లో పది గంటలు, పక్కన సి.టి. అని ఉంటే పదింబావుకి మొదలవుతుందని అర్థం. క్లాసు అయిపోగానే అందరూ చప్పట్లకి బదులు పిడికిళ్ళతో బల్లల మీద తట్టారు. అది బాగుంది. బాగోనిది, నాకు అసలు భయం పుట్టించినది వేరే ఉంది. మొదటి లెక్చర్ రెండో స్లైడులోనే ప్రొఫెసర్ "ఇది మీరు కిందటి సెమిస్టర్‌లో చూశారు" అన్నారు. గదిలో చాలామంది చూసినవాళ్ళే. ఏప్రిల్‌లో చేరినవాళ్ళం రెండో మెట్టు మీద కాలు పెట్టి తర్వాత మొదటిది ఎక్కాలి. దీని గురించి ముందుగా ఎవరూ చెప్పరు, ఈ సెమిస్టర్‌లో అసలు కష్టం ఇదే.

ఆ రోజే క్లాసు తర్వాత వెళ్ళి ప్రొఫెసర్‌తో చెప్పాను, నేను ఇప్పుడే చేరానని. ఆయన కిందటి సెమిస్టర్ నోట్సు ఉన్న పేజీకి పాస్‌వర్డ్ ఇచ్చి, ఏ మూడు అధ్యాయాలు ముందు చదవాలో కాగితం మీద రాసిచ్చారు. ఉక్కు ఏ వేడిలో ఎలా ఉంటుందో చూపే ఐరన్-కార్బన్ డయాగ్రమ్ బీటెక్‌లో చదివిందే, కాబట్టి ఊపిరి పీల్చుకున్నాను. ఆక్సైడ్లు ఏ ఉష్ణోగ్రతలో ఎలా విడిపోతాయో చూపే ఎల్లింగ్‌హామ్ డయాగ్రమ్ మాత్రం మళ్ళీ మొదట్నుంచి నేర్చుకుంటున్నాను. బొగ్గు నుంచి చేసే కోక్ బదులు హైడ్రోజన్‌తో ఇనుము తీయడం మీద ఇక్కడ చాలా పని జరుగుతోంది, అది అర్థం కావాలంటే ఇది రావాలి. అడగడానికి మొహమాటపడి ఉంటే మే నెల కూడా అలాగే పోయేది.

ఈస్టర్‌కి శుక్రవారం నుంచి సోమవారం దాకా సెలవులు. ఏప్రిల్ 18 నుంచి 21 వరకు. సగం సమయం ఆ అధ్యాయాలకే పోయింది. ఒక మధ్యాహ్నం మాత్రం ట్రాములో లాండ్‌షాఫ్ట్స్‌పార్క్‌కి వెళ్ళాను. 1985లో మూతపడ్డ ఇనుము కర్మాగారాన్ని పడగొట్టకుండా పార్కు చేశారు, టికెట్ లేదు. బ్లాస్ట్ ఫర్నేస్ పైదాకా మెట్లెక్కి నాన్నకి వీడియో కాల్ చేశాను. మా ప్లాంటులో ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. నాన్న అరగంట సేపు ఒక్కో గొట్టం దగ్గర ఆపమని, అది దేనికో చెప్తూనే ఉన్నారు. లెక్చర్‌లో బొమ్మగా చూసింది ఆయన మాటల్లో అర్థమైంది. "అంత పెద్ద ఫర్నేసు ఆపేశారా?" అని చివర్లో రెండుసార్లు అడిగారు. మన ప్లాంటు గురించి ఇంట్లో రోజూ వినే దిగులు ఆ మాటలో ఉంది. ఏం చెప్పాలో తెలియక, ఈ ఊళ్ళోనే ఇంకా నడుస్తున్న ఫర్నేసులు ఉన్నాయని చెప్పాను.

ఇక మిగిలింది రెసిడెన్స్ పర్మిట్. వీసా గడువు సెప్టెంబర్ దాకా ఉంది కానీ అప్లికేషన్ ఇప్పుడే పంపేశాను. నమోదు కాగితం, ఇన్సూరెన్స్ పత్రం, అడ్మిషన్ సర్టిఫికెట్, ఖాతా వివరాలు అన్నీ ఒకే పీడీఎఫ్‌గా చేసి పెట్టుకోండి, ప్రతిచోటా అవే అడుగుతారు. పరీక్షలకి కూడా విడిగా రిజిస్టర్ చేసుకోవాలి, క్లాసులకి వెళ్తున్నంత మాత్రాన పరీక్ష రాయనివ్వరు. ఆ తేదీలు ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను. ఈసారి మూడు పేపర్లే రాస్తాను. ఏప్రిల్‌లో చేరినవాళ్ళు ఆరు పేపర్లు నెత్తిన వేసుకోవద్దని కరీంనగర్ అక్క గట్టిగా చెప్పింది, నాకూ అదే సరైనదనిపించింది.