తొలి కానుపుకు రాష్ట్రం దాటి వెళ్లేవారికి

నా కాపురం ఒడిశాలోని పర్లాకిమిడిలో, పుట్టిల్లు ఆంధ్రలోని టెక్కలి దగ్గర. తొలి కానుపు పుట్టింట జరగడం మా వైపు ఆనవాయితీ కనుక, సీమంతం కాగానే అమ్మ వచ్చి నన్ను తీసుకువెళ్లింది. నౌపడా–గుణుపురం రైలు మార్గంలో ఈ రెండు ఊళ్లూ దగ్గరదగ్గరే అయినా మధ్యలో రాష్ట్రం మారుతుంది. దానితోపాటు గర్భిణిని కనిపెట్టుకుని ఉండే ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, ఆసుపత్రి రికార్డు, చివరికి చీటీ మీది లిపి కూడా మారిపోతాయి. ముహూర్తం గురించి మాట్లాడేవారు ఇంటినిండా ఉన్నారు గాని, దీని గురించి ఒక్కరూ చెప్పలేదు.

ఒడిశాలో ప్రతి నెలా మమతా దివస్ (ఊళ్లో తల్లీబిడ్డల ఆరోగ్య దినం) నాడు బరువు, బీపీ, హిమోగ్లోబిన్ చూసి కార్డులో రాస్తారు. అంకెలు ఎవరైనా చదువుతారు. కానీ నా బీపీ కాస్త పెరిగిందనీ, వారంలోగా మళ్లీ చూడాలనీ కార్డు అంచున ఒడియాలో గొలుసుకట్టుగా రాసి ఉన్న రెండు ముక్కలు పుట్టింటి వైపు నర్సమ్మకు అర్థం కాలేదు. ఒడియా మాట్లాడగలను గాని ఆ రాత నాకూ కొరుకుడు పడలేదు. ఫొటో తీసి పంపితే మా వారు చదివి ఫోనులో చెప్పారు. అప్పటికప్పుడు నర్సమ్మ మళ్లీ బీపీ పట్టీ చుట్టింది.

ఈ విషయం ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఇరవై వారాలు దాటాక బీపీ 140/90కి చేరడం, మూత్రంలో ప్రొటీన్ పోవడం తొలిచూలు వారిలోనే ఎక్కువ. పట్టించుకోకపోతే అది ఫిట్స్ వచ్చే గుర్రపువాతానికి దారితీయవచ్చు. కాళ్లకు నీరు పట్టడం మామూలేనని పెద్దవాళ్లు అనే మాట చాలావరకు నిజమే గాని, ముఖం ఉబ్బినా, తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకబారినా, పై కడుపులో నొప్పి వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. అందుకే బయలుదేరే ముందు కార్డులోని ప్రతి రాతనూ ఏఎన్ఎం దగ్గర కూర్చుని చదివించుకుని, తెలుగులో మరో కాగితం మీద రాసుకోవడం మంచిది. రక్తం గ్రూపు, స్కానింగ్ రిపోర్టు ఎలాగూ ఉండాలి.

నొప్పుల సంగతికి వస్తే, దొంగ నొప్పులు వచ్చి పోతుంటాయి. అసలు నొప్పులు మాత్రం క్రమంగా దగ్గరపడుతూ, బలపడుతూ వస్తాయి. తొలి కానుపు గంటల తరబడి సాగుతుందన్న ధీమాతో ఇంట్లో ఆగిపోకూడదు. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా నొప్పుల కోసం చూడకుండా వెళ్లాలి.

కానుపు తర్వాత మా ఇంట్లో అసలు వాదం పథ్యం మీద నడిచింది. కాయం ముద్దకు నేనేమీ అడ్డు చెప్పలేదు, నిజానికి ఆ ఘాటు నాకు ఇష్టమే. కానీ బాలింతకు నీళ్లు ఎక్కువ ఇవ్వకూడదంటే ఒప్పుకోలేకపోయాను, ఎందుకంటే పాలిచ్చే తల్లికి దాహం తీరా నీళ్లు, కడుపునిండా తిండి ఉండాల్సిందే. ముర్రుపాలు పిండి పారబోయమని ఒక పెద్దావిడ అంటే, పుట్టిన గంటలోపే బిడ్డకు అవే పట్టాలని నర్సమ్మ గట్టిగా చెప్పడంతో ఆ గొడవ మాత్రం తొందరగా తేలింది.

మరో మాట: జననం నమోదయ్యేది తల్లిదండ్రుల నివాసం ఉన్నచోట కాదు, బిడ్డ పుట్టినచోట. 21 రోజుల్లోగా చెబితే నమోదుకు రుసుము లేదు. మెట్టినింటికి తిరిగి వచ్చాక ఆ కాగితం కోసం మళ్లీ రాష్ట్రం దాటే పని లేకుండా, పురిటి మంచం దిగకముందే ఇంట్లో ఎవరికైనా ఈ పని అప్పగించాలి.