చలి అంటే ఏంటో...
మా శ్రీకాకుళంలో పొద్దున్నే 18 డిగ్రీలకే జనం మంకీ క్యాప్‌లు పెట్టుకుని చలిమంట చుట్టూ చేరిపోయారు, చూసి నవ్వొచ్చింది, ఆర్మీలో సియాచిన్ మంచుకొండల మీదకి పంపేముందు నాకిచ్చిన ట్రైనింగ్ గుర్తొచ్చింది.

లద్దాఖ్‌లోని లే ఊళ్ళో దిగిన మొదటి రెండ్రోజులు ఏ పనీ చెప్పరు, రెస్ట్ తీసుకోమంటారు. ఆహా ఏం సుఖం అనుకున్నా గానీ మెట్లెక్కితేనే ఆయాసం, తలనొప్పి. అలా ఆరు రోజులు, తర్వాత ఇంకా ఎత్తులో నాలుగు, ఆపైన ఇంకో నాలుగు, తొందరపడి పైకెళ్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ప్రాణం మీదకొస్తుంది మరి. తర్వాత బేస్ క్యాంప్‌లో బ్యాటిల్ స్కూల్, అంటే మంచులో మసలడం నేర్పే ఆర్మీ స్కూల్, 12 వేల అడుగుల ఎత్తులో. బూట్లకి క్రాంపాన్లు (మంచు మీద జారకుండా కట్టుకునే ఇనుప మేకులు), చేతిలో ఐస్ యాక్స్, ఒకే తాడుకి అందర్నీ కట్టి నడిపిస్తారు, ఒకడు మంచు పగుల్లో పడితే మిగతావాళ్ళు లాగాలి కదా.

అక్కడ చెమట పట్టినా డేంజరే, అది గడ్డకట్టుద్ది. తడి సాక్స్‌తో పడుకుంటే మాకు ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్ తిట్టే తిట్లు ఇక్కడ రాయలేను 😄

ఓరోజు తాడు ముడి సరిగ్గా రావట్లేదని గ్లోవ్ తీసేశా, ఒక్క నిమిషం అంతే. ఇనుప కొక్కేనికి వేలు అతుక్కుపోయింది, కొస తెల్లగా కొవ్వొత్తిలా అయిపోయింది. నేను రుద్దబోతే ఉస్తాద్ చెయ్యి మీద ఒక్కటిచ్చి, నా చెయ్యి తన చంకలో పెట్టుకుని కూర్చున్నాడు. రుద్దకూడదంట, మంట దగ్గర పెట్టకూడదంట.

ఇప్పటికీ ఆ వేలికి వేడి సరిగ్గా తెలీదు. పొద్దున టీ గ్లాసు పట్టుకుంటే అమ్మ "కాలట్లేదేంట్రా" అంటది.