దిండు మీంచి చూసి మార్చుకున్న వార్డు

నేను ఆసుపత్రిలో మెయింటెనెన్స్ ఇంజనీరుని. కరెంటు, నీళ్లు, ఏసీ, ఆక్సిజన్ లైన్లు, లిఫ్టులు, చివరికి తలుపుల బందుల దాకా మా విభాగమే చూస్తుంది. పాతబడిపోయిన ఒక ఇన్‌పేషెంట్ వార్డును పూర్తిగా మార్చాలని యాజమాన్యం అనుకున్నప్పుడు, మొదటి డ్రాయింగు నుంచి మళ్లీ పేషెంట్లు చేరేదాకా ఆసుపత్రి తరఫున ఆ పని నాకే అప్పగించారు. డాక్టర్లు, నర్సులు, ఆర్కిటెక్టు, కాంట్రాక్టరు, అకౌంట్స్ వాళ్లు, ఎవరి లెక్క వాళ్లది. ఇంతమంది మధ్య మంచం మీదున్న మనిషి తరఫున అడిగేవాళ్లు కూడా ఒకరుండాలి. ఆ పని ఎలా సాగిందో, ఏది నిజంగా తేడా తెచ్చిందో ఇలాంటి బాధ్యత నెత్తిన పడినవాళ్ల కోసం రాస్తున్నాను.

మొదటి మీటింగులో మాటలన్నీ గోడల రంగులు, రిసెప్షన్, నేల మీద వేసే వినైల్ షీట్ల చుట్టూనే తిరిగాయి. డిశ్చార్జి అప్పుడు పేషెంట్లు రాసిచ్చిన ఫీడ్‌బ్యాక్ ఫారాలు తెప్పించుకుని చదివాను. రంగు గురించి ఒక్కరూ రాయలేదు. రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదని, లైటు కళ్లలో పడుతోందని, బాత్రూముకి వెళ్లాలంటే పడిపోతామేమోనని భయంగా ఉందని, బెల్లు నొక్కితే ఎవరికైనా వినపడిందో లేదో తెలియక టెన్షన్ పడ్డామని రాశారు. ఇన్‌ఛార్జ్ సిస్టరుకి చూపిస్తే, "పగలొచ్చి చూస్తే మీకేం తెలుస్తుంది సార్, నైట్ డ్యూటీలో రండి" అన్నారు.

వెళ్లాను. ఖాళీగా ఉన్న మంచం మీద పడుకుని చూశాను. నిలబడి తిరిగేవాళ్లకు ఏ ఇబ్బందీ లేని ట్యూబులైటు, పడుకున్నవాళ్లకు సూటిగా కళ్లలో కొడుతోంది. ఏసీ గాలి మెడ మీదికే వస్తోంది. తలుపు తెరిచిన ప్రతిసారీ కారిడార్ వెలుతురు ముఖం మీద పడుతోంది. ఇక శబ్దాల సంగతి సరేసరి. స్టీలు చెత్తడబ్బా మూత ఠంగుమని పడుతుంది. మందుల ట్రాలీ నేలలో స్లాబుల మధ్య ఉండే సందు (ఎక్స్‌పాన్షన్ జాయింట్) దాటినప్పుడల్లా దానిమీది సీసాలన్నీ గలగలమంటాయి. నర్సింగ్ స్టేషన్లో ఫోను మోగుతుంది. పక్క బెడ్ దగ్గర సెలైన్, మందులు ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపు ఆగకుండా కూస్తుంది. మెల్లగా మూసే క్లోజరు వదులైపోయిన తలుపు ధడేలున మూసుకుంటుంది.

వార్డుల్లో రాత్రిపూట సగటు శబ్దం 30 డెసిబెల్స్ మించకూడదని, ఉన్నట్టుండి వచ్చే చప్పుళ్లు కూడా 40 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. ఆ 30 అందుకోవడం ఏ ఆసుపత్రికైనా చాలా కష్టం. ఏసీ నడుస్తుంటేనే అది దాటిపోతుంది. కానీ ఆ రాత్రి నేను రాసుకున్న చప్పుళ్లలో చాలావాటిని ఆపడానికి స్క్రూడ్రైవరు, రబ్బరు ముక్కలు చాలు. అందుకే డ్రాయింగులు తయారయ్యేదాకా ఆగకుండా అన్ని వార్డుల్లోనూ ఆ పని మొదలుపెట్టేశాం. ట్రాలీలకు మెత్తటి చక్రాలు వేశాం, చెత్తడబ్బాలకు మెల్లగా మూసుకునే మూతలు పెట్టాం, డోర్ క్లోజర్లన్నీ బిగించి సరిచేశాం, జాయింటు మీద చదునైన కవరు వేశాం, రాత్రి ఫోను మోగే బదులు సిస్టర్ల చేతిలోని హ్యాండ్‌సెట్ వైబ్రేట్ అయ్యేలా మార్చాం. మొత్తం ప్రాజెక్టులో పెట్టిన ఖర్చుకి ఎక్కువ ఫలితం దక్కింది ఇక్కడే అని నా అభిప్రాయం.

పడుకున్న మనిషి కోసం గది గీయాలన్న ఆలోచన ఈనాటిది కాదు. ఫిన్లాండ్‌లో 1933లో పూర్తయిన పైమియో క్షయ శానటోరియంలో ఆర్కిటెక్టు ఆల్వార్ ఆల్టో దీపాన్ని పేషెంటు చూపుకి తగలని చోట పెట్టించాడు. సీలింగుకి కళ్లకు హాయిగా ఉండే ముదురు రంగు వేయించాడు. ఒకరు చేతులు కడుక్కుంటే గదిలో ఉన్న రెండోవారికి నిద్ర చెడకూడదని, నీళ్లు చప్పుడు చేయకుండా జారిపోయే వాష్‌బేసిన్ తయారుచేయించాడు. మా ఆర్కిటెక్టుతో ఈ మాట వస్తే ఆవిడ సీలింగు ప్లాన్ మొత్తం మళ్లీ గీశారు. లైట్లు మంచం మీది నుంచి పక్కలకు జరిగాయి. డాక్టరు పరీక్ష చేయడానికి ఎక్కువ వెలుతురునిచ్చే లైటు ఒకటి, చదువుకోవడానికి పేషెంటు చేతికందే స్విచ్చుతో ఇంకొకటి, రాత్రి బాత్రూము దారి కనపడేలా నేలకు దగ్గరగా పసుపుపచ్చటి చిన్న లైటు వేరేగా పెట్టాం. గాలి మనిషి మీదికి కాకుండా సీలింగు వెంబడి పరుచుకునేలా ఏసీ గ్రిల్లులు మార్చాం.

ఆసుపత్రిలో నేలా, గోడలూ కడిగి తుడవడానికి వీలుగా నున్నగా, గట్టిగా ఉండాలి. దానివల్లే శబ్దం ఎక్కడా ఇంకకుండా తిరుగుతూ ఉంటుంది. మిగిలేది సీలింగు ఒక్కటే. కడగడానికి వీలుండి, శబ్దాన్ని పీల్చుకునే టైల్స్ కోసం పట్టుబట్టాను. స్వీడన్‌లోని హుడింగె ఆసుపత్రి గుండె విభాగంలో కొంతకాలం మామూలు టైల్స్, కొంతకాలం శబ్దం పీల్చే టైల్స్ పెట్టి చేసిన పరిశోధన 2005లో వచ్చింది. మంచి టైల్స్ ఉన్న రోజుల్లో చికిత్స పొందినవాళ్లు మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సి రావడం తక్కువగా కనిపించింది. ఆ కాగితం చూపించాక అకౌంట్స్ వాళ్లు కాదనలేదు.

కిటికీల విషయంలో మాత్రం గట్టి వాదనే జరిగింది. కిటికీ అడుగుభాగం కిందికి దించితేనే పడుకున్నవాళ్లకు బయట కనపడుతుంది. లేదంటే ఆకాశం ముక్క తప్ప ఏమీ కనపడదు. గోడ కోయడం ఖర్చుతో కూడిన పని. ఈ విషయంలో అందరూ చెప్పేది పరిశోధకుడు రోజర్ ఉల్రిచ్ 1984లో 'సైన్స్' పత్రికలో రాసిన వ్యాసం. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 దాకా గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయినవాళ్ల రికార్డులు తీసి, కిటికీలోంచి చెట్లు కనపడ్డవాళ్లను ఇటుక గోడ కనపడ్డవాళ్లతో 23 జతలుగా పోల్చాడు. చెట్లు కనపడ్డవాళ్లు త్వరగా ఇంటికెళ్లారు, ఘాటైన నొప్పిమందులు తక్కువ వాడారు. మొత్తం 46 మంది మీద చేసిన చిన్న పరిశీలన అది. దాన్నే వేదంలా చూపించడం నాకిష్టం లేదు. మీటింగులో ఆ మాట కూడా చెప్పి, రోజంతా మంచం మీదుండే మనిషికి చూడటానికి గోడ కాకుండా ఇంకేదైనా ఇవ్వగలిగినప్పుడు ఎందుకు ఇవ్వకూడదని అడిగాను. ఒకవైపు కిటికీలు దించడానికి ఒప్పుకున్నారు. రెండోవైపు కిటికీల ఎదురుగా కింది అంతస్తు స్లాబు, దానిమీద ఏసీ యూనిట్లు. యూనిట్లకు అడ్డుగా మొక్కల తొట్లు పెట్టాం. మట్టిలో ఉండే ఫంగస్ రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు ప్రమాదం కాబట్టి గదుల్లోకి కుండీలు వద్దని ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టరు చెప్పారు. కిటికీ అద్దం అవతలే ఉంచాం.

మొత్తం పనిలో నాకు బాగా నచ్చింది మాక్-అప్ గది. వాడని స్టోరు గదిలో ప్లైవుడ్ గోడలతో, డ్రాయింగులో ఉన్న కొలతలకే ఒక గది కట్టించాం. నిజం మంచం, నిజం కమోడ్, నిజం సెలైన్ స్టాండు పెట్టి, "రోజూ చేసే పనులన్నీ ఇందులో చేసి చూపించండి" అని సిస్టర్లను, వార్డుబాయ్‌లను, హౌస్‌కీపింగ్ వాళ్లను పిలిచాం. డ్రాయింగు మీద సంతకం పెట్టమంటే అందరూ పెడతారు. గదిలో నిలబెడితే అప్పుడు మాట్లాడతారు. ఒక సిస్టరు పేషెంటులా మంచం దిగి, ఒక చేత్తో స్టాండు తోసుకుంటూ బాత్రూముకి బయల్దేరారు. డ్రాయింగులో బాత్రూము మంచానికి ఎదురుగా ఉంది. మధ్యలో పట్టుకోవడానికి ఏమీ లేదు. గడప దగ్గర స్టాండు చక్రం ఆగిపోయింది. లైటు స్విచ్చు తలుపు వెనకాల ఉంది. ఒక చేతిలో స్టాండు, రెండో చేతిలో తలుపు, ఇక స్విచ్చు ఎలా వేయాలి? రాత్రిపూట, మత్తుమందు ఇంకా వదలని మనిషి సరిగ్గా అక్కడే పడిపోతాడు.

బాత్రూము మంచం తలవైపు గోడకే వచ్చింది. మంచం దిగినప్పటి నుంచి కమోడ్ దాకా గోడ వెంబడి రాడ్డు తెగకుండా ఉంటుంది, ఎక్కడా చెయ్యి వదలనక్కర్లేదు. గడప తీసేసి నేలకే కొద్దిగా వాలు ఇచ్చాం. మనిషి కదలికకు లైటు దానంతటదే వెలుగుతుంది. లోపల ఎవరైనా తలుపుకి అడ్డంగా పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపు తెరవలేం. అందుకని పక్కకు జరిగే తలుపు పెట్టాం. చక్రాల కుర్చీ తిరగడానికి మీటరున్నర వ్యాసం ఖాళీ ఉందో లేదో సుద్దముక్కతో గీసి చూశాం. కాల్ బెల్లు తాడు నేలకు దాదాపు తగిలేలా వేలాడదీశాం, పడిపోయినవాళ్లకు కూడా అందాలి కాబట్టి. బెల్లు నొక్కగానే అక్కడే చిన్న లైటు వెలుగుతుంది, మన పిలుపు చేరిందని పేషెంటుకి తెలుస్తుంది. దాన్ని ఆపాలంటే సిస్టరు మంచం దాకా రావాల్సిందే.

పని మొదలయ్యాక అసలు కష్టం తెలిసింది. పైనా కిందా వార్డులు నడుస్తున్నాయి. గోడలు, సీలింగు పగలగొట్టినప్పుడు లేచే దుమ్ములో ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ బీజాలుంటాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఏమీ కాదు గానీ, కీమోథెరపీలో ఉన్న మనిషి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికి రావచ్చు. పని జరిగే చోటును కింది నేల నుంచి పై స్లాబు దాకా మూసేసి, సన్నటి దుమ్మును కూడా పట్టేసే హెపా ఫిల్టరున్న ఫ్యాను పెట్టి, గాలి బయటి నుంచి లోపలికే వెళ్లేలా ఒత్తిడి తగ్గించి ఉంచాం. గుమ్మంలో అంటుకునే మ్యాట్లు, చెత్తకు మూత ఉన్న బండ్లు, దానికోసం వేరే లిఫ్టు. డ్రిల్లింగు ఎప్పుడు చేయాలో కింది వార్డు సిస్టరు చెబితేనే చేసేవాళ్లం. కాంట్రాక్టరు మొదట్లో విసుక్కున్నాడు. ఒకసారి అతన్ని కింది వార్డుకి తీసుకెళ్లి, పైన డ్రిల్లు నడుస్తుంటే పేషెంట్ల ముఖాలు చూపించాను. ఆ తర్వాత నేను చెప్పాల్సిన అవసరం రాలేదు.

అప్పగించుకునేటప్పుడు గోడల మీది గీతలకంటే రెండు విషయాల మీద ఎక్కువ సమయం పెట్టాం. మొదటిది గ్యాస్ లైన్లు. ప్రతి మంచం దగ్గరా ఆక్సిజన్ అని రాసున్న చోట ఆక్సిజనే వస్తోందా అని ఎనలైజరుతో చూడకుండా ఏ గదీ తెరవనివ్వలేదు. రెండోది నీళ్లు. నెలల తరబడి పైపుల్లో కదలకుండా నిలిచిన గోరువెచ్చటి నీళ్లలో న్యుమోనియా తెచ్చే లీజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. 20 నుంచి 45 డిగ్రీల మధ్య దానికి అనుకూలం. అందుకే వేడినీళ్లు ట్యాంకులో 60 డిగ్రీల దగ్గర ఉంచి, ట్యాంకుకి తిరిగొచ్చే లైనులో 50కి తగ్గకుండా చూస్తాం. అంత వేడి ఒంటి మీద పడితే కాలుతుంది కాబట్టి షవరు దగ్గర చన్నీళ్లు కలిపే మిక్సింగ్ వాల్వు ఉంటుంది. పాత బాత్రూములవి, ఇప్పుడు ఎటూ పోని పైపు ముక్కలుంటే వెతికి తీయించేశాం. తెరిచే ముందు పంపులన్నీ బాగా వదిలి, నీళ్లు ల్యాబుకి పంపాం.

వార్డు తెరిచారు, ఫొటోలు తీశారు. బిల్డింగ్ కట్టినవాళ్ల పని అక్కడితో అయిపోతుంది, మాది మొదలవుతుంది. కొన్నాళ్లకే బాత్రూముల్లో కాల్ బెల్లు తాళ్లు చుట్టచుట్టి పైన రాడ్డుకి కట్టేసి కనిపించాయి. నేల తుడిచేటప్పుడు తడుస్తున్నాయని హౌస్‌కీపింగ్ వాళ్లు కట్టేశారు. వాళ్ల ఇబ్బంది నిజమే, బట్ట తాడు తడిస్తే మురికి పడుతుంది. కేకలేసి లాభం లేదు. తుడవడానికి వీలుగా ప్లాస్టిక్ తొడుగున్న తాళ్లు వేయించి, పడిపోయిన మనిషికి ఆ తాడు ఎందుకో వాళ్లను కింద కూర్చోబెట్టి చూపించాం. ఒకావిడ నేల మీద పడుకుని చెయ్యి చాపి చూసి, "ఇంకొంచెం కిందికి ఉంటే బాగుండేది సార్" అంది. ఇంకొంచెం కిందికి దించాం.

ఇప్పుడు ఒక పేషెంటు వెళ్లి మరొకరు చేరేలోపు మా టెక్నీషియన్ గదిలోకి వెళ్లి బెల్లు, తాడు, రాత్రి లైటు, నీళ్ల వేడి, మంచం బ్రేకులు, డోర్ క్లోజరు చూసి సంతకం పెడతాడు. మంచం మీద పడుకుని సీలింగు చూడటం కూడా ఆ లిస్టులో ఉంది. పేషెంటు ఉన్న గదిలో రిపేరుంటే తలుపు తట్టి, తన పేరు చెప్పి, ఏం చేస్తాడో ఎంతసేపు పడుతుందో చెప్పాకే నిచ్చెన వేస్తాడు. ఇన్ఫ్యూజన్ పంపుల అలారాలు మాత్రం ఇంకా తగ్గలేదు. అవి బిల్డింగ్ వల్ల తగ్గేవి కావు. ఏ అలారం ఎప్పుడు మోగాలో డాక్టర్లు, సిస్టర్లు కూర్చుని తేల్చుకోవాలి. ఆ మాటలు నడుస్తున్నాయి.

పై అంతస్తు వార్డుకి డ్రాయింగులు వచ్చాయి. ఇంకో మంచం పట్టించడానికి బాత్రూమును మళ్లీ ఎదురు గోడకు జరిపారు. ఇన్‌ఛార్జ్ సిస్టరూ నేనూ అభ్యంతరం రాసి పంపాం, మాక్-అప్ గదిని ఇప్పుడే విప్పొద్దని స్టోరు వాళ్లకు చెప్పాం. వచ్చే మీటింగు ఆ గదిలోనే పెట్టమని అడిగాను, ఒప్పుకున్నారు.